కరెంటు పెట్టిన చోటే నీడ: టీబీ అనుకున్న ఒక రేడియేషన్ న్యుమోనైటిస్ కేసు

తిరుపతిలో రేడియేషన్ ఆంకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఛాతీకి రేడియేషన్ (మన వైపు చాలామంది దీన్ని కరెంటు అనే అంటారు) తీసుకున్నవాళ్లలో కొందరికి ఆ తర్వాత ఊపిరితిత్తి వాస్తుంది. దీన్నే రేడియేషన్ న్యుమోనైటిస్ అంటాం. మాకు ఇది కొత్త జబ్బేమీ కాదు. కానీ అది బయటపడే సమయానికి రోగి మా దగ్గర ఉండరు. వైద్యం అయిపోయి రెండు మూడు నెలలు గడిచి, ఊళ్లో తమ పనుల్లో ఉంటారు. దగ్గు వస్తే దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఆ డాక్టర్‌కు మా ప్లాన్ (ఎక్కడ ఎంత డోసు పెట్టామన్న లెక్క) కనిపించదు, చేతిలో ఉన్న ఎక్స్‌రే ఒక్కటే కనిపిస్తుంది. ఈ కేసు రాస్తున్నది ముందుగా ఆ డాక్టర్ల కోసం, ఆ తర్వాత మా రేడియేషన్ వాళ్ల కోసం. రోగి అనుమతి తీసుకున్నాను. వయసు, ఊరు, కుటుంబ వివరాలు కొంత మార్చాను. మందులు, మోతాదులు, నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

నలభైల చివర్లో ఉన్న మహిళ. చిత్తూరు వైపు పల్లె, చెరకు పండించే కుటుంబం, సొంత గానుగ ఉంది. సీజన్ వస్తే బెల్లం వండే పొయ్యి దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండేవారు. పొగాకు అలవాటు లేదు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. తనకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ టీబీ వచ్చింది లేదు.

కుడి రొమ్ములో క్యాన్సర్, చంకలోని గ్రంథులకు పాకింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తర్వాత కీమో: నాలుగు సైకిళ్లు అడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి, ఇంకో నాలుగు సైకిళ్లు పాక్లిటాక్సెల్. ఆ పైన మా దగ్గర ఛాతీ గోడకు, కాలర్ ఎముక పైనున్న గ్రంథుల ప్రాంతానికి 15 రోజుల్లో 40 గ్రే (డోసును కొలిచే యూనిట్) రేడియేషన్. చివరగా టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్రలు మొదలయ్యాయి.

ప్లాన్ గురించి కొంచెం చెప్పాలి. కుడి ఊపిరితిత్తిలో 20 గ్రే లేదా అంతకంటే ఎక్కువ డోసు పడిన భాగం 28 శాతం. మేం పెట్టుకున్న హద్దు 30 శాతం. అంటే ప్లాన్ పాస్ అయింది. కాకపోతే కాలర్ ఎముక మీదుగా పెట్టే ఫీల్డ్ (కిరణాలు పడే జాగా) కింద ఊపిరితిత్తి పై కొస ఉంటుంది, దాన్ని పూర్తిగా తప్పించడం కుదరదు. అక్కడ దాదాపు పూర్తి డోసు పడింది.

ఆఖరి రోజున మేం చెప్పిన జాగ్రత్తలు ఇవి: చర్మానికి ఏ నూనె రాయకూడదు, చేయి వాయకుండా ఏ వ్యాయామం చేయాలి, టామోక్సిఫెన్ మానకూడదు. ఊపిరితిత్తి గురించి ఒక్క మాట చెప్పలేదు. ఈ కేసులో మొదటి పొరపాటు అదే. అది మాది.

ఎలా వచ్చారు

రేడియేషన్ ముగిసిన తొమ్మిదో వారంలో పొడి దగ్గు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఐదు రోజులు ఒక యాంటీబయాటిక్ వాడారు, తగ్గకపోతే ఇంకొకటి వాడారు. పదకొండో వారంలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనిపించింది. ఈమధ్యే కీమో తీసుకున్న మనిషి, షుగర్ ఉంది, బరువు తగ్గింది, సాయంత్రం జ్వరం, పై కొసలో మచ్చ. కళ్లె రావడం లేదు కాబట్టి పరీక్షకు పంపలేదు. టీబీ మందులు మొదలుపెట్టారు.

ఆ డాక్టర్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఆ కుర్చీలో నేనున్నా ముందు టీబీనే అనుమానించేవాణ్ణి. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. వందేళ్ల కిందటే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో టీబీ శానటోరియం వెలిసిన ప్రాంతం మనది. పై కొసలో నీడ అంటే ఇక్కడి డాక్టర్‌కు టీబీ గుర్తుకు రావాల్సిందే. చిక్కు ఏమిటంటే, కాలర్ ఎముక పైన రేడియేషన్ పెడితే నీడ పడేది కూడా సరిగ్గా అక్కడే.

టీబీ మందులు మొదలైన మూడో రోజు ఆయాసం ఎక్కువైతే మూడు రోజులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. ఈ సంగతి మాకు తర్వాత, కొడుకు ఫోన్‌లో దాచుకున్న మందుచీటీల ఫొటోల్లో తెలిసింది. ఆ వారం ఆమెకు బాగా తెరిపి ఇచ్చింది. టీబీ మందులు పనిచేస్తున్నాయని అందరూ సంతోషించారు. నిజానికి ఆ తెరిపి స్టెరాయిడ్‌ది. ఇంజెక్షన్ ఆగిన వారం పది రోజులకు దగ్గు మళ్లీ తిరగబెట్టింది.

ఆపరేషన్‌కు ముందు ఆమె ఒక మొక్కు మొక్కుకున్నారు, వైద్యమంతా అయ్యాక అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని. టీబీ మందులు ఐదు వారాలు వాడినా ఆయాసం పెరుగుతూనే ఉంది. మొక్కు తీర్చనందుకే తగ్గడం లేదేమోనని దిగులు పట్టుకుంది. ఇంట్లోవాళ్లు బస్సులో పోదామన్నా వినలేదు. ఓ తెల్లవారుజామున మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. తలయేరుగుండు దాటి కొన్ని మెట్లు పోయేసరికి రొప్పు పట్టుకుంది, పెదాలు నీలం తిరిగాయి. కొడుకు పట్టుకుని కిందికి దించి, మా ఆసుపత్రి ఫైలు సంచిలోనే ఉండటంతో నేరుగా మా దగ్గరికి తీసుకొచ్చాడు.

కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 95 ఉంది. ఆరు నిమిషాలు నడిపిస్తే 87కు పడిపోయింది. నిమిషానికి 26 సార్లు శ్వాస తీసుకుంటున్నారు. స్టెతస్కోప్ పెడితే కుడి పైభాగంలో సన్నటి చిటపట తప్ప పెద్దగా ఏమీ వినిపించలేదు. మనిషి ఇంత ఇబ్బంది పడుతుంటే ఛాతీలో చప్పుళ్లు ఇంత తక్కువగా ఉండటం ఈ జబ్బులో తరచూ చూస్తాం. కూర్చున్నప్పటి ఆక్సిజన్ మాత్రమే చూసి పంపించేస్తే ఈ రోగులు చేజారిపోతారు. తప్పకుండా నడిపించి చూడాలి.

ఏం అనుమానించాం, ఏ వరుసలో

క్యాన్సర్ వచ్చిన మనిషి, పైగా టామోక్సిఫెన్ వాడుతున్నారు. రెండూ రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచేవే. కాబట్టి ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ మొదటి అనుమానం. అడ్రియామైసిన్ వల్ల గుండె బలహీనపడి ఉండొచ్చు. టీబీయో వేరే ఇన్‌ఫెక్షనో కావచ్చు. క్యాన్సరే ఊపిరితిత్తికి పాకి ఉండొచ్చు. చివరగా, మేమిచ్చిన రేడియేషన్.

నా మనసు మొదటి నిమిషం నుంచీ రేడియేషన్ వైపే ఉంది. ఎందుకంటే నెలల లెక్క సరిపోయింది. అయినా ముందు గడ్డ సంగతి తేల్చాలని నిర్ణయించుకున్నాం. న్యుమోనైటిస్‌కు ఒక రోజు ఆలస్యమైతే సర్దుకోవచ్చు, గడ్డకు గంటలు కూడా ముఖ్యమే. ఆ రాత్రే రక్తనాళాల సీటీ తీశాం. గడ్డ లేదు. పొద్దున ఎకో చేస్తే గుండె పనితీరు బాగుంది.

అదే సీటీలో ఊపిరితిత్తిని చూశాం. కుడి ఊపిరితిత్తి పై లోబు (పై భాగం) లోను, ఛాతీ గోడను ఆనుకుని ఉన్న ముందు భాగంలోను పొగమంచు పట్టినట్టున్న నీడ, మధ్యమధ్య చిక్కబడి ఉంది. టీబీలో చూసే గుహల్లాంటి ఖాళీలు, చిగుళ్లేసిన కొమ్మల్లా కనిపించే చిన్న చుక్కలు లేవు. మా ఫిజిసిస్ట్ ఈ సీటీని పాత ప్లాన్ మీద కూర్చోబెట్టారు. 20 గ్రే డోసు గీత ఎక్కడుందో నీడ అంచు కూడా ఇంచుమించు అక్కడే ఉంది. పై లోబుకూ మధ్య లోబుకూ మధ్యనున్న సరిహద్దును లెక్కచేయకుండా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఆగిపోయింది. ఇన్‌ఫెక్షన్ శ్వాసనాళాల దారి పట్టుకుని పాకుతుంది. ఇలా గీత దగ్గర ఆగదు. ఇంకో మంచి ఆధారం మా దగ్గరే ఉంది. రేడియేషన్‌కు ముందు ప్లానింగ్ కోసం తీసిన సీటీలో ఆ పై కొస శుభ్రంగా ఉంది, పాత టీబీ మచ్చ ఏదీ లేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ కింది లోబులో, మా ఫీల్డ్‌కు పూర్తిగా బయట, రూపాయి బిళ్లంత మచ్చ ఇంకొకటి ఉంది. అక్కడ పడిన డోసు చాలా తక్కువ. దాని దగ్గర ఇద్దరం తేడా పడ్డాం. స్టెరాయిడ్ వెంటనే మొదలుపెడదామని నేను అన్నాను. బ్రాంకోస్కోపీ చేసి ఊపిరితిత్తిని కడిగిన నీరు పరీక్షించాకే మొదలుపెడదామని మా పల్మనాలజిస్ట్ అన్నారు. ఆయన వాదన సూటిగా ఉంది. నెలల తరబడి స్టెరాయిడ్ ఇవ్వబోతున్నాం, లోపల టీబీ ఉంటే మనమే దాన్ని ఎగదోసినట్టవుతుంది. అలాగని టీబీ మందులు కొనసాగిస్తూ స్టెరాయిడ్ కూడా ఇస్తే, తగ్గినప్పుడు దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఆమె ఆ రెండు అనుమానాలనూ మోస్తూ ఆరు నెలలు మాత్రలు మింగాలి. ఒక రోజు ఆగుదామన్నారు. ఆగాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క రోజే కేసును నిలబెట్టింది.

ఆ నీటిలో సీబీనాట్ పరీక్షకు టీబీ దొరకలేదు. మామూలు బ్యాక్టీరియా, ఫంగస్ లేవు, క్యాన్సర్ కణాలు లేవు. కణాల్లో 38 శాతం లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు). మామూలుగా 15 శాతం లోపు ఉండాలి. ఐదు వారాలు టీబీ మందులు వాడాక నెగెటివ్ వస్తే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్న ప్రశ్న వచ్చింది. కల్చర్ విషయంలో అది న్యాయమైన ప్రశ్నే. సీబీనాట్ మాత్రం క్రిమి డీఎన్‌ఏను పట్టుకుంటుంది, చచ్చిన క్రిమిని కూడా వదలదు. ఇంత పెద్ద నీడ టీబీదే అయితే ఆ నీటిలో జాడైనా తెలిసి ఉండేది అనుకున్నాం. కల్చర్ ఫలితానికి ఆరు వారాలు పడుతుంది. అంతకాలం ఆగలేం. టీబీ మందులు ఆపేసి, కల్చర్ మీద ఒక కన్ను వేసి ఉంచాలని నిర్ణయించాం.

రెండు నెలలు ఆగి ఎందుకొచ్చింది?

స్టెరాయిడ్ గురించి చెప్పడానికి కూర్చుంటే ఆమె భర్త ఒక మాట అడిగారు. "కరెంటు పెట్టినన్నాళ్లూ ఏమీ కాలేదే సామీ. అన్నీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాక ఇప్పుడెట్ల వచ్చింది?" ఆయన ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ జబ్బు వైద్యమంతా అర్థమవుతుంది. అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

ఊపిరితిత్తిలో గాలి చేరే చిన్న చిన్న గదుల్ని గాలి గూళ్లు అందాం. ఆ గోడల్లో ముఖ్యంగా రెండు రకాల కణాలుంటాయి. మొదటి రకం పలచగా పరుచుకుని గోడలో దాదాపు 95 శాతం జాగాను కప్పుతాయి. ఆక్సిజన్ వాటి గుండానే రక్తంలోకి పోతుంది. రెండో రకం గుండ్రంగా, మూలల్లో ఉంటాయి. గూడు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే ద్రవాన్ని తయారుచేసేవి అవే. మొదటి రకం కణం చనిపోతే విభజన చెంది ఆ జాగా నింపేవీ అవే. గోడకు అవతలి పక్క సన్నటి రక్తనాళాలు, వాటి లోపలి పొరలో ఇంకో రకం కణాలు ఉంటాయి. రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీసేది ఈ రెండో రకం కణాల్ని, ఈ రక్తనాళాల పొరని.

దెబ్బ పడటం క్షణంలో పని. రేడియేషన్ కణంలోని నీటిని చీల్చి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది, అవి డీఎన్‌ఏ పోగుల్ని తెంపుతాయి. కానీ డీఎన్‌ఏ తెగిన కణం వెంటనే చావాలని లేదు. దాని రోజువారీ పని చేస్తూనే ఉంటుంది. విభజన చెందాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం తెగిన పోగులతో రెండుగా చీలలేక కూలిపోతుంది. చర్మం, పేగు వేగంగా మారే కణజాలాలు, అందుకే అక్కడ రెండు మూడు వారాల్లో పుండు కనిపిస్తుంది. ఊపిరితిత్తిలోని ఈ కణాలు మారడానికి వారాలు, నెలలు పడుతుంది. దెబ్బ అంతకాలం దాగి ఉంటుంది.

ఇదంతా భర్తకు నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "వేరుపురుగు పట్టిన చెరకు మాదిరి. కింద వేరు పోయినా పైన ఆకు కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

దాగి ఉన్న కాలంలో ఊపిరితిత్తి ఊరికే ఉండదు. టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ ఉంది. మామూలుగా అది కణాల చుట్టూ ఇంకో ప్రొటీన్ తొడుగులో బంధించి ఉంటుంది. రేడియేషన్ పుట్టించే చురుకైన ఆక్సిజన్ అణువులు ఆ తొడుగును ఊడదీస్తాయి. 1994లో మేరీ హెలెన్ బార్సెలోస్-హాఫ్ బృందం రేడియేషన్ ఇచ్చిన ఎలుకల రొమ్ము కణజాలంలో ఈ ప్రొటీన్ బంధం వీడి చురుకవడాన్ని చూపించింది. ఊపిరితిత్తిలోనూ ఇదే జరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు సంకేతాలు పెరుగుతాయి. రక్తనాళాల పొర కారడం మొదలుపెడుతుంది. మ్యాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు గుంపులుగా వచ్చి చేరతాయి. గూళ్లలో నీరు, కణాలు నిండి, సర్ఫాక్టెంట్ పాడై, ఒకరోజు రోగికి ఆయాసం తెలుస్తుంది. ఇది సాధారణంగా రేడియేషన్ ముగిసిన 4 నుంచి 12 వారాల మధ్య, కొందరిలో ఆరు నెలల వరకు.

ఫీల్డ్ బయట ఉన్న ఆ రూపాయి బిళ్ల మచ్చకు కూడా జవాబు ఇక్కడే ఉంది. చెదిరిన కణాల ముక్కల్ని చూసి రెచ్చిపోయిన లింఫోసైట్లు మన డోసు గీతల్ని పట్టించుకోవు. ఒక పక్క రొమ్ముకే రేడియేషన్ ఇచ్చినవాళ్లలో రెండో పక్క ఊపిరితిత్తి కడిగిన నీటిలో కూడా లింఫోసైట్లు పెరిగి ఉండటం చాలాకాలం కిందటే గమనించారు. ఇది కణాల చావు ఒక్కటే కాదు, రోగనిరోధక వ్యవస్థ తీసుకొచ్చే వాపు కూడా. స్టెరాయిడ్ పనిచేసేది ఈ రెండో సగం మీదే.

ఆరు నెలలు దాటాక కథ మారుతుంది. టీజీఎఫ్-బీటా మాట విని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు రూపు మార్చుకుని కొలాజెన్ నారను పేరుస్తాయి. నార పేరుకున్న చోట రక్తం తగ్గుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ కొరత వల్ల మళ్లీ చురుకైన ఆక్సిజన్ అణువులు, మళ్లీ టీజీఎఫ్-బీటా. ఈ చక్రం తిరుగుతూ ఊపిరితిత్తి గట్టిపడేదే ఫైబ్రోసిస్. న్యుమోనైటిస్, ఫైబ్రోసిస్ రెండూ వేర్వేరు దశలని 1920ల్లోనే డాక్టర్లు గుర్తించారు. మొదటిదానికి స్టెరాయిడ్ పనికొస్తుంది. రెండోదానికి పనికిరాదు.

పనిచేయనివి

టీబీ మందులు ఆపిన రోజే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాం. బరువు 54 కిలోలు కాబట్టి రోజుకు 50 మిల్లీగ్రాములు. షుగర్‌కు ఇన్సులిన్, పొలంలో చెప్పులు లేకుండా తిరిగే మనిషి కాబట్టి స్టెరాయిడ్‌కు ముందే నులిపురుగుల మందు, న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తి ఇన్‌ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్, ఎముకలకు కాల్షియం. రెండు మూడు రోజుల్లో తేడా కనిపిస్తుందని ధీమాగా చెప్పాను.

ఐదు రోజులు గడిచాయి. తేడా లేదు సరికదా, కూర్చున్నా రెండు లీటర్ల ఆక్సిజన్ కావాల్సి వచ్చింది. ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను. న్యుమోనైటిస్ కాదేమో, టీబీ మందులు ఆపి తప్పు చేశామేమో, క్యాన్సర్ పాకిందేమో. పల్మనాలజిస్ట్‌కు ఫోన్ చేసి టీబీ మందులు మళ్లీ మొదలుపెడదామా అని అడిగాను కూడా.

మరునాడు రౌండ్స్‌లో మా పీజీ అమ్మాయి ఒక మాట అంది. "సార్, ఆవిడ ఐదు వారాలు రిఫాంపిసిన్ వాడారు కదా." ఆ ఒక్క మాటతో చిక్కు వీడింది. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌లను బాగా పెంచుతుంది. దాంతో ప్రెడ్నిసొలోన్ ఒంట్లో నిలవదు, సగమో అంతకంటే తక్కువో మిగులుతుంది. రిఫాంపిసిన్ ఆపిన వెంటనే ఆ ఎంజైమ్‌లు తగ్గవు, రెండు వారాల దాకా ఉంటాయి. మేం 50 ఇస్తున్నామనుకుంటున్నాం, ఆమె శరీరానికి అందుతున్నది దాంట్లో కొంత మాత్రమే. మొదట్లో వేసిన డెక్సామెథసోన్ ఎందుకు పనిచేసిందో కూడా అప్పుడు అర్థమైంది. టీబీ మందులు మొదలై అప్పటికి మూడు రోజులే, ఎంజైమ్‌లు ఇంకా పెరగలేదు.

మందు మార్చలేదు, రోగనిర్ధారణా మార్చలేదు. వారం రోజుల పాటు డోసు 80కి పెంచాం. మూడో రోజుకు ఆక్సిజన్ తీసేశాం. వారానికి వరండాలో తిరుగుతున్నారు.

రెండో పొరపాటు నాది. ఎంజైమ్‌లు మామూలు స్థాయికి వచ్చేకొద్దీ అదే మాత్ర ఎక్కువ పనిచేయడం మొదలుపెట్టింది. షుగర్ 386కు పోయింది, రాత్రులు నిద్ర లేదు. భయపడి స్టెరాయిడ్‌ను వేగంగా దించాను. 50 నుంచి రెండు వారాల్లో 20, తర్వాత 15. ఐదో వారంలో దగ్గు, ఆయాసం మళ్లీ వచ్చాయి. ఎక్స్‌రేలో నీడ మళ్లీ చిక్కబడింది. పైన చెప్పిన జీవశాస్త్రం తెలిసీ ఇలా చేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. స్టెరాయిడ్ వాపును అణచి ఉంచుతుందే తప్ప తెగిన డీఎన్‌ఏను అతకదు. లోపల దెబ్బతిన్న కణాలు ఇంకా ఒక్కొక్కటీ కూలుతూనే ఉన్నాయి, ప్రతి కూలుడూ కొత్త సంకేతం పంపుతూనే ఉంది. ఆ వరుస ముగిసేదాకా మూత తీయకూడదు. షుగర్‌కు చేయాల్సింది ఇన్సులిన్ పెంచడం. నేను స్టెరాయిడ్ తగ్గించాను.

పనిచేసినది

మళ్లీ 40తో మొదలుపెట్టాం. ఈసారి రెండు వారాలకు 5 చొప్పున మాత్రమే దించాం. ప్రతి మెట్టు దించే ముందు ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ చూశాం. 4 శాతం కంటే ఎక్కువ పడితే ఇంకో వారం అదే డోసులో ఆగాలని ముందే అనుకున్నాం. ఒక్కసారే, 20 దగ్గర, అలా ఆగాల్సి వచ్చింది. ఇన్సులిన్ ఎలా పెంచుకోవాలో, తగ్గించుకోవాలో కొడుకుకు నేర్పాం. అంతా కలిపి స్టెరాయిడ్ దాదాపు ఐదున్నర నెలలు నడిచింది. ఆఖరి 5 మిల్లీగ్రాముల్ని ఇంకా నెమ్మదిగా తీశాం, ఇన్నాళ్లు పడుకున్న ఎడ్రినల్ గ్రంథి లేవడానికి టైమ్ కావాలి కాబట్టి.

ఆరో వారంలో టీబీ కల్చర్ రిపోర్టు వచ్చింది, ఏమీ పెరగలేదు. కింది లోబులోని మచ్చ రెండో నెలకే మాయమైంది. ఏడాదికి తీసిన సీటీలో కుడి పై కొసలో సన్నటి ఫైబ్రోసిస్ పట్టీ మిగిలింది. ఊపిరితిత్తి కొంచెం పైకి లాక్కుంది, అంచు ఇప్పటికీ తిన్నగానే ఉంది. ఇది పోదు. తగ్గించే మందేమైనా ఉందా అని భర్త అడిగారు. ఇలాంటి మచ్చను కరిగిస్తుందని రుజువైన మందు లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పొలానికి వెళ్తున్నారు, ఇంటి పని చేసుకుంటున్నారు. ఎత్తు ఎక్కితే ఆయాసం వస్తుంది. బెల్లం పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్లొద్దన్నాం. ఆ సంవత్సరం నుంచి గానుగ పని కోడలు చూస్తోంది. మొక్కు బస్సులో వెళ్లి తీర్చుకున్నారు.

ఈ కేసు మాలో మార్చినవి

మొదటిది, హద్దుల్ని చూసే చూపు. 28 శాతం 30 లోపలే కాబట్టి ఏమీ కాదనుకున్నాం. ఈ హద్దులకు ఆధారంగా చెప్పుకునే 2010 నాటి క్వాంటెక్ సమీక్షే, డోసు పెరిగేకొద్దీ ప్రమాదం నెమ్మదిగా పెరుగుతుంది తప్ప దీని కింద ఏమీ కాదనే గీత ఏదీ లేదని చెబుతుంది. అందుకే ఇప్పుడు ప్లాన్ ఒప్పుకునే ముందు, పాక్లిటాక్సెల్ పడిందా, ఊపిరితిత్తికి పాత జబ్బు ఉందా అని కూడా చూస్తున్నాం.

టీబీని నేను తక్కువ చేయడం లేదు. రేడియేషన్ తీసుకున్నవాళ్లకు టీబీ రాదని కాదు, వస్తుంది, స్టెరాయిడ్ ఇస్తే ఇంకా వస్తుంది. కోరుతున్నది ఒక్కటే. కళ్లె రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పించొచ్చు, లేదా బ్రాంకోస్కోపీకి పంపొచ్చు. పరీక్ష లేకుండా రిఫాంపిసిన్ మొదలుపెడితే పోయేది సమయం ఒక్కటే కాదు. ప్రెడ్నిసొలోన్ పోతుంది. టామోక్సిఫెన్ కూడా రక్తంలో బాగా పడిపోతుంది. ఈమె ఐదు వారాల పాటు టామోక్సిఫెన్ మింగుతూనే ఉన్నారు, అందులో చాలా భాగం పనికి రాకుండా పోయింది. ఈ సంగతి మాలో ఎవరికీ ముందు తట్టలేదు. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ రోగికి టీబీ నిర్ధారణ అయితే, హార్మోన్ మాత్ర సంగతి ఏం చేయాలో మాతో మాట్లాడమని చుట్టుపక్కల డాక్టర్లందరికీ చెబుతున్నాం.

మిగిలింది ఆఖరి రోజున చెప్పాల్సిన మాట. దాని కోసం ఒక కాగితం తయారుచేశాం. మొదటి ప్రతిని ఈమెకే చూపించాను. "ఛాతీకి రేడియేషన్ చికిత్స పొందిన వారిలో" అని మొదలైంది అది. ఆమె నిదానంగా చదివి, "ఇట్ల రాస్తే మా ఊళ్లో ఎవురికి తెలుస్తుంది సార్? కరెంటు అని రాయండి. డాక్టర్‌కు చూపించమని కూడా రాయండి, లేకుంటే పెట్టెలో పెట్టేస్తారు" అన్నారు. అలాగే మార్చాం. ఇప్పుడు కాగితం పైన పెద్ద అక్షరాల్లో ఇలా ఉంటుంది: "నాకు ఛాతీకి కరెంటు పెట్టినారు. ఆరు నెలల లోపల దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే ఈ కాగితం డాక్టర్‌కు చూపించాలి." వెనక వైపు డోసు, ముగిసిన తేదీ, ఊపిరితిత్తి బొమ్మ మీద ఫీల్డ్ గీతలు, మా డిపార్ట్‌మెంట్ ఫోన్ నంబరు ఉంటాయి.